గాజు మీద కప్పిన బొంత

మా గ్యాలరీలో ముందు గదులు చూడ్డానికి జనం వస్తారు. వెనకున్న ప్యాకింగ్ గది చూడ్డానికి ఎవరూ రారు. దారి తప్పి ఎవరైనా వస్తే, అక్కడ నేల మీద మోకాళ్ళు మోపి, పెదాల మధ్య టేపు ముక్క పట్టుకుని ఒక ఆవిడ కనిపిస్తుంది. పలకరిస్తే చెయ్యెత్తి ఆగమంటుంది. ఆ ముక్క అతికించేదాకా ఎంతటివాళ్ళైనా నిలబడాల్సిందే. ఒకసారి మంత్రిగారు కూడా నిలబడ్డారు.

ఆవిడ్ని అందరం పిన్ని అంటాం. ఆవిడకన్నా వయసులో పెద్దవారైన మా డైరెక్టర్ మేడం కూడా పిన్ని అనే అంటారు. ఆ మాటకి పిన్ని అభ్యంతరం చెప్పదు గానీ, మేడం అలా పిలిచినప్పుడల్లా నెరిసిన జుట్టు ఒకసారి సవరించుకుంటుంది.

ఇక్కడికి రాకముందు పిన్ని కప్పులూ సాసర్లూ అమ్మే ఒక పెద్ద కొట్లో సామాను కట్టే పని చేసేది. భర్త పోయాడు, కొన్నాళ్ళకి కొట్టూ మూతపడింది. ఒక చేతిసంచీతో అక్క ఇంటికి చేరి, మరో నెలలో మా దగ్గర పనికి కుదిరింది. మొదటి రోజున మేడం ఆవిడకి గదులన్నీ తిప్పి చూపించి, ఇది ఫలానావారిది, దీని అర్థం ఇది, అని ఓపిగ్గా చెప్పారట. అంతా విని పిన్ని ప్రతిదాని ముందూ ఒకే ప్రశ్న వేసింది: "ఇది పగులుద్దా, పగలదా?" ఆవిడ దృష్టిలో కళ ఈ రెండు రకాలే. మాకు వచ్చే విమర్శకుల్లో చాలామందికి అంత స్పష్టత కూడా లేదని నా అభిప్రాయం.

మా గ్యాలరీకి సముద్రాల అవతల ఇంకో గ్యాలరీతో పొత్తు ఉంది. వాళ్ళ దగ్గర తయారైనవి కొన్ని ఇక్కడ పెడతాం, మా దగ్గరివి కొన్ని వాళ్ళు అక్కడ పెడతారు. డైరెక్టర్లిద్దరూ ఎదురెదురుగా కూర్చుంది చాలా తక్కువ. అంతా తెర మీదే. మేము ఆవలింతలు ఆపుకుంటూ కూర్చునే వేళకి వాళ్ళు ఇంటికెళ్ళే తొందరలో ఉంటారు. అందుకని మాటలు పొదుపుగా, నవ్వులు ధారాళంగా సాగుతాయి. ఇటు మాటలు అటూ, అటు మాటలు ఇటూ చెయ్యడం నా ఉద్యోగం. ఎంత చెత్త మాటైనా సరే, మొహం మారకుండా తర్జుమా చెయ్యడం ఇక్కడ నాకు అబ్బిన విద్య.

పైవాళ్ళ పొత్తు కింద ఇంకో పొత్తు నడుస్తూ ఉండేది. పెట్టెలో ఒక వస్తువు వెళ్ళిందంటే, అవతల దాన్ని విప్పేవాళ్ళు ఒక్కో పొరా తీస్తూ ఫోటో తీసుకోవాలి. స్పాంజి ముక్క, అట్టముక్క, గుడ్డపీలిక ఏదీ పారెయ్యకూడదు. ప్రదర్శన అయ్యాక అవే ముక్కల్ని తీసిన వరసకి ఎదురు వరసలో సర్ది వెనక్కి పంపాలి. అంటే పిన్ని కోసిన స్పాంజి ముక్కలు దేశాలు తిరిగి మళ్ళీ పిన్ని ఒళ్ళోకే వచ్చేవి. అవతల ఆ పని చేసేది ఒకే మనిషి. పిన్ని ఆయన మొహం ఎప్పుడూ చూడలేదు. ఫోటోల్లో చేతులు మాత్రమే పడేవి.

ఆ చేతుల్ని పిన్ని 'అవతలాయన' అనేది. ఇంకేముంది, మాకు వినోదం దొరికింది. పెట్టె దిగినప్పుడల్లా "పిన్నీ, మీ ఆయన దగ్గర్నించి వచ్చింది" అని ఎవరో ఒకరు అనాల్సిందే. "ఆయనే నయం, పంపింది పంపినట్టు తిప్పి పంపుతాడు. మీరు నా కత్తెర తీసుకెళ్ళి పది రోజులైంది" అని పిన్ని ఒంటికాలి మీద లేచేది.

కానీ ఆవిడకి ఆ మనిషంటే గౌరవం. ఆయన టేపు అంటించేటప్పుడు చివర కొంచెం మడిచి వదిలేవాడు, గోటితో పీకే అవసరం లేకుండా లాగితే వచ్చేలాగ. పిన్ని అది చూసి నేర్చుకుంది. పిన్ని వేసే జారుముడి ఆయన నేర్చుకున్నాడు. తర్వాత వచ్చిన పెట్టెల్లో తన ముడి తనకే ఎదురైతే, పిన్ని దాన్ని విప్పకుండా కాసేపు అలాగే చూస్తూ కూర్చుంది. "బాగానే పట్టాడు" అంది. ఒక్క మాట మాట్లాడుకోకుండా ఇద్దరు మనుషులు అన్నేళ్ళు కలిసి పనిచెయ్యడం నేను ఇంకెక్కడా చూడలేదు.

ఈసారి మేము పంపాల్సినవాటిలో ముఖ్యమైనది గాజుబాబుది. గాజుతో పనిచేసే కళాకారుడు కాబట్టి మేము పెట్టుకున్న పేరు అది, ఆయన వెనకాలే వాడతాం. ఆయన చేసినదాని పేరు 'నిద్ర'. మనిషంత పొడవున్న గాజు ఆకారం. పక్కకి తిరిగి, మోకాళ్ళు కాస్త ముడుచుకుని పడుకున్నట్టు ఉంటుంది. తల, మొండెం, కాళ్ళు విడివిడిగా ఉంటాయి, పెట్టిన చోట కలుపుతారు. మంచి పనే, కాదనను. కానీ దాన్ని చూస్తే నాకు నిద్ర గుర్తుకు రాలేదు, ఆస్పత్రి గుర్తుకొచ్చింది.

దాన్ని పంపే రోజున స్పాంజి తెచ్చేవాడు రాలేదు. ఫోన్ ఎత్తలేదు. విమానాశ్రయానికి తీసుకెళ్ళే వ్యాను గేటు దగ్గర ఆగి హారన్ మీద హారన్ కొడుతోంది. తలా మొండెం బాగానే కుదిరాయి గానీ, మోకాళ్ళ దగ్గర ఖాళీ మిగిలింది. పిన్ని వేలితో తట్టి చూసింది. లోపల టకటకమంది. ఆ చప్పుడు ఆవిడకి పంటి కింద రాయి లాంటిది. అలాంటి పెట్టెకి మూత వేసే మనిషి కాదు.

పక్కన ఆవిడ సంచీ ఉంది. సంచీలో బొంత ఉంది.

బొంత పిన్నిది కాదు, వాళ్ళ అక్కది. అక్కని నేను పెద్దమ్మ అంటాను. వాళ్ళమ్మ చనిపోయిన ఏడాది, ఆమె పాత బట్టలన్నీ పెద్దమ్మ ముక్కలు చేసి, పొరలు పొరలుగా పరిచి, చేత్తో కుట్టింది. అప్పట్లో ఆవిడ ఆస్పత్రిలో దుప్పట్లూ గలీబులూ కుట్టే గదిలో పనిచేసేది. ఉద్యోగం అయిపోయింది, మోకాళ్ళు పట్టేశాయి, చూపు మందగించింది. బొంత మాత్రం ఎండాకాలమైనా వానాకాలమైనా ఆవిడ మీద ఉండాల్సిందే. దాని అంచు ఒకచోట విడిపోతే, సూదిలో దారం ఎక్కించే చూపు లేక, "నువ్వెళ్ళే దారిలో టైలరున్నాడుగా, వాడిచేత కుట్టించుకురా" అని ఆ పొద్దున్నే చెల్లెలి చేతిలో పెట్టింది.

పిన్ని దాన్ని తీసి, మడతలు పెట్టి, గాజు మోకాళ్ళ చుట్టూ సర్దింది. మళ్ళీ తట్టి చూసింది. చప్పుడు లేదు. మూత బిగించింది. ప్రదర్శన అయ్యాక అవతలాయన పెట్టిన వరసలో అది తిరిగొస్తుంది, ఈలోగా అక్కకి టైలర్ పేరు చెప్పి నెట్టుకురావచ్చు. ఆవిడ లెక్క అది. "పెద్దమ్మకి ఒక ఫోన్ చేసి అడగొచ్చు కదా" అని తర్వాత నేనంటే, "వ్యాను వాడు చెవులు చిల్లులు పడేలా హారన్ కొడుతుంటే ఫోన్లేంటమ్మాయ్" అంది.

లెక్క తప్పింది. పెట్టె అక్కడ దిగేసరికి అవతలాయన నడుం ఆపరేషన్ చేయించుకుని మంచం మీద ఉన్నాడు. ఆయన బదులు ఎవరినో బయటినుంచి పిలిపించారు. వాళ్ళు మూత తీశారు. 'నిద్ర' అని రాసి ఉంది. లోపల ముడుచుకుని పడుకున్న మనిషి ఆకారం, దాని కాళ్ళ చుట్టూ వెలిసిపోయిన రంగుల పాత బొంత. వాళ్ళ డైరెక్టర్ వచ్చి చూసింది. ఆవిడ తప్పేమీ లేదు. ఆ స్థానంలో మీరున్నా నేనున్నా అదే అనుకుంటాం.

ప్రదర్శన మొదలైన రోజు తెర మీద మాకు గది తిప్పి చూపించారు. మా వైపు మేడం, గాజుబాబు, నేను. తన సామాను పగలకుండా చేరిందో లేదో చూసుకోడానికి పిన్ని ఎప్పటిలాగే వచ్చి తలుపు పక్కన నిలబడింది. తెల్లటి గది, మధ్యలో తక్కువ ఎత్తు తెల్లటి దిమ్మ, దాని మీద గాజు మనిషి. పాదాల నుంచి ఛాతీ దాకా బొంత కప్పి ఉంది.

అవతలి డైరెక్టర్ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "మీరు పంపిన ఫోటోల్లో ఇది లేదు. ఇక్కడ మాకోసం దాచిపెట్టారన్నమాట. బొంత లేకపోతే ఇది గాజు. బొంతతో మనిషైంది" అంది. నేను ఆ మాటల్ని ఇటు చెప్పి, గాజుబాబు వైపు తిరిగాను.

ఆ బొంతని ఆయన జన్మలో మొదటిసారి చూస్తున్నాడని నాకు తెలుస్తూనే ఉంది. నోరు తెరిచాడు, మూశాడు. తర్వాత తెరలో తన బొమ్మ చూసుకుని జుట్టు సర్దుకుని, "థాంక్స్ చెప్పండి" అన్నాడు. నేను థాంక్స్ చెప్పాను. వెనక దబ్బుమని చప్పుడైంది. పిన్ని నేల మీద కూలబడింది.

మర్నాడు పిన్ని ఆయన్ని వరండాలో పట్టుకుంది. "బాబూ, అది మోకాళ్ళు కదలకుండా నేను కుక్కింది. మా అక్కది. వాళ్ళకి ఆ ముక్క చెప్పండి, పంపించేస్తారు."

"పిన్నీ, నీకు అర్థం కాదు గానీ, కళలో ఇలాంటివి జరుగుతాయి. దీన్ని యాదృచ్ఛికం అంటారు."

"యాదృచ్ఛికం కాదు బాబూ, మా అక్క బొంత."

గాజుబాబు చిరునవ్వు నవ్వి వెళ్ళిపోయాడు. ఆయన్ని పూర్తిగా దుర్మార్గుడనలేను. నిజం చెప్పడానికి ఆయనకి దొరికిన సమయం ఒక్క గుటక మింగేంత. ఆ సమయం దాటాక, రోజు రోజుకీ చెప్పడం కష్టమైపోయింది. అక్కడి పత్రికల్లో 'నిద్ర' గురించి రాశారు. రాసిన ప్రతివాళ్ళూ బొంత గురించే రాశారు. ఆ దేశంలోనే ఇంకో ఊళ్ళో పెద్ద మ్యూజియం వాళ్ళు చూసి, మీ ప్రదర్శన అయ్యాక మాకు పంపండి, ఏడాది పాటు ఉంచుకుంటాం అన్నారు. ఆ కబురు నేనే తర్జుమా చేశాను. మేడం సంతోషించారు. పిన్ని మొహం చూడలేక నేను కాగితాలు సర్దుకున్నాను.

ఇంటి దగ్గర పెద్దమ్మ టైలర్‌ని తిడుతూ ఉంది. మొదట్లో రోజుకి ఒకసారి, తర్వాత పూటకి ఒకసారి. "ఒక్క అంచు కుట్టడానికి వాడికి ముహూర్తం కావాలా?" పిన్ని ఆ టైలర్ మీద లేనిపోనివన్నీ కల్పించింది. మిషన్ పాడైందంది, వాడికి జ్వరమంది, వాళ్ళ మామగారు పోయారంది. చివరికి ఒక సాయంత్రం పెద్దమ్మ కర్ర పట్టుకుని, మెట్లు దిగి, వీధి దాటి, దారిలో రెండు అరుగుల మీద కూర్చుని లేచి, టైలర్ షాపుకి చేరింది. పరామర్శతో మొదలుపెట్టి తిట్లలోకి దిగిందట. మామగారు పక్కనే కూర్చుని గుండీలు కుడుతున్నాడు. తను పోయిన సంగతి ఆయనకి అప్పుడే తెలిసింది. టైలర్ బిక్కమొహం వేసి, "అమ్మా, నా దగ్గరికి ఏ బొంతా రాలేదు" అన్నాడు.

పిన్ని ఆ రాత్రి అంతా చెప్పేసింది. పెద్దమ్మ మధ్యలో ఒక్క ప్రశ్న అడగలేదు. విని, గోడవైపు తిరిగి పడుకుంది. మర్నాటి నుంచి మాటల్లేవు.

సైకిల్ షాపు పైన రెండు గదుల ఇల్లు వాళ్ళది. అంత ఇంట్లో ఇద్దరు మనుషులు మాట్లాడుకోకుండా ఉండటం తేలిక కాదు, కానీ పెద్దమ్మకి పట్టుదల ఎక్కువ. ఏదైనా అవసరమొస్తే కిటికీతో చెప్పేది. "ఇంట్లో ఉప్పు నిండుకుందని తెలిస్తే తెచ్చేవాళ్ళు ఎవరైనా ఉంటే బాగుండు" అనేది. పిన్ని ఉప్పు తెచ్చి గట్టు మీద పెట్టేది. "ఉప్పు వచ్చిందే!" అని పెద్దమ్మ కిటికీకి చెప్పేది. పిన్ని ఇవన్నీ నాకు చెబుతున్నప్పుడు నేను నవ్వాను. ఆవిడా నవ్వబోయింది. నవ్వు రాక, మెడకి చుట్టుకున్న గుడ్డతో మొహం తుడుచుకుంది. "నన్ను తిట్టమను అమ్మాయ్. కొట్టమను. నా పేరు పెట్టి ఒక్కసారి పిలవమను. నేను ఇంట్లో లేనట్టే తిరుగుతోంది" అంది. చలి మొదలైందనీ, అక్క రెండు దుప్పట్లు కప్పుకున్నా తెల్లవార్లూ అటూ ఇటూ దొర్లుతోందనీ చెప్పింది.

ఆ వారంలోనే పిన్ని వెళ్ళి మేడంకి మొత్తం చెప్పేసింది. ఆవిడకి కావలసింది బొంత. బొంత వస్తే అక్క మాట్లాడుతుందని ఆశ. ఉద్యోగం సంగతి ఆలోచించలేదు. మేడం ఆలోచించారు.

"స్పాంజి లేదని ఇంటి గుడ్డ పెట్టావు, సరే, తిట్టి ఊరుకుంటాను" అన్నారు మేడం. "కానీ ఒకరి వస్తువు వాళ్ళకి చెప్పకుండా తెచ్చి పెట్టెలో పెట్టి, పైగా అబద్ధమాడావంటే వేరే సంగతి. ఈ గదిలోకి అందరి వస్తువులూ వస్తాయి. చెప్పకుండా తీసే చెయ్యి ఇక్కడ ఉండకూడదు. మీ అక్కకి తెలిసే పెట్టావా?"

పిన్ని తల వంచుకుంది. మేడం ఆ తల వంపుని జవాబుగా తీసుకోలేదు. ఆవిడకి ఇంకో తలనొప్పి ఉంది. గాజుబాబు తనదేనంటున్నాడు. పిన్ని అక్కదంటోంది. అవతలివాళ్ళకి ఏం చెప్పినా, కుట్టిన మనిషి నోటితో చెప్పిస్తేనే నమ్ముతారు. అందుకని అందరినీ తెర ముందు కూర్చోబెడదామని తేల్చారు. పెద్దమ్మని తీసుకొచ్చే పని నాకు పడింది.

వాళ్ళింటికి వెళ్ళాను. పెద్దమ్మ మంచం మీద కూర్చుని ఉంది. విషయం దాచకుండా చెప్పాను. మీరు ఏం చెబితే దాన్నిబట్టి బొంత సంగతి తేలుతుంది, పిన్ని ఉద్యోగం సంగతీ తేలుతుంది అన్నాను. ఇలా చెప్పండి, అలా చెప్పండి అని నేను అనలేదు. అంటే వినే రకం కాదు. పిన్ని గుమ్మం దగ్గర నిలబడి కొంగు నలుపుతోంది. పెద్దమ్మ అటు చూడనే లేదు.

"ఎన్నింటికి?" అని అడిగింది నన్ను. అంతే.

చెప్పిన రోజున టాక్సీలో తీసుకెళ్ళాను. అక్కచెల్లెళ్ళు వెనక సీట్లో చెరో కిటికీ పంచుకున్నారు. గ్యాలరీలో పెద్దమ్మ ముందు గదుల్లోంచి నడుస్తూ గోడల వైపు ఒక్క చూపు కూడా వెయ్యలేదు. మేడం లేచి నిలబడి కుర్చీ చూపించారు. గాజుబాబు నమస్కారం పెట్టాడు. పిన్ని తన అలవాటు ప్రకారం తలుపు పక్కనే ఉండిపోయింది.

తెర వెలిగింది. అవతలి డైరెక్టర్ దిమ్మ పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంది. వెనక గోడకి ఆనుకుని, నడుముకి బెల్టు పెట్టుకున్న పొట్టి మనిషొకాయన నిలబడి ఉన్నాడు. మధ్యలో 'నిద్ర' తన బొంత కప్పుకుని పడుకుని ఉంది. పెద్దమ్మ కుర్చీని ముందుకి జరపమంది. తెరకి మొహం దగ్గరగా పెట్టి, చాలాసేపు, ఒక్కో ముక్కా వెతుక్కుంటున్నట్టు చూసింది.

ముందు గాజుబాబు మాట్లాడాడు. కళాకృతి అంటే చేతితో చేసినది మాత్రమే కాదనీ, ప్రయాణంలో దానికి జరిగినదంతా దానిలో భాగమేననీ చెప్పాడు. నేను అక్షరం పొల్లుపోకుండా తర్జుమా చేశాను. అవతలి డైరెక్టర్ తలూపి, పెద్దమ్మని అడిగింది.

"ఇది కుట్టింది మీరేనా?"

"నేనే."

"పెట్టెలో పెట్టడం మీకు తెలిసే జరిగిందా?"

ఇది మేడం అడగమన్న ప్రశ్న. నేను దాన్ని తెలుగులో చెప్పాను. పిన్ని కళ్ళు మూసుకుంది. బొంత పోయినా సరే, ఉద్యోగం పోయినా సరే, ఇంత జరిగాక అక్క చేత అబద్ధం చెప్పించే మొహం తనకి లేదని ఆవిడ నాతో ముందురోజే అంది. పెద్దమ్మ తెర మీంచి చూపు తిప్పి మేడంని చూసింది. చెల్లెల్ని చూడలేదు.

"తెలియకేం? నేనే ఇచ్చాను" అంది. "గాజు సామాను ఊరు దాటిపోతోందంటే, అడుగున పెట్టుకోమని నేనే ఇచ్చి పంపాను. పెట్టుకోమని ఇచ్చానండీ, కప్పమని ఇవ్వలేదు. వాళ్ళ సామాను పగల్లేదుగా? మరి పనైపోయింది. పంపించెయ్యమనండి."

మేడం నా వైపు చూశారు. నిజమేమిటో నాకు తెలుసని ఆవిడకి తెలుసు. నేను మొహం మార్చకుండా తర్జుమా చేశాను. ఆ ఉద్యోగంలో నేను ఇష్టంగా చేసిన తర్జుమాలు తక్కువ. ఇది వాటిలో ఒకటి.

అవతలి డైరెక్టర్ వెంటనే వదల్లేదు. గోడ మీద మీ పేరు రాస్తామంది. పెద్ద మ్యూజియంకి వెళ్తుందనీ, ఎంతోమంది చూస్తారనీ, మీరూ కళాకారిణేననీ చెప్పింది. మనస్ఫూర్తిగానే చెప్పింది. పెద్దమ్మ శ్రద్ధగా విని, నన్నడిగింది.

"వాళ్ళ ఊళ్ళో చలేనా ఇప్పుడు?"

"చలేనట, పెద్దమ్మా."

"ఆ పడుకున్నదానికి చలేస్తుందా, అడుగు."

నేను అడిగాను. అవతలి డైరెక్టర్ నవ్వబోయి, ఆగి, గాజు వైపు ఒకసారి చూసి, వెయ్యదంది.

"నాకేస్తుంది" అంది పెద్దమ్మ.

అవతలి డైరెక్టర్ వెనక్కి తిరిగి ఏదో అంది. పొట్టి మనిషి దిమ్మ దగ్గరికి వచ్చాడు. నడుం వంగదు కాబట్టి మోకాళ్ళు వంచి, బొంతని రెండు చేతులతో ఎత్తి, పక్కనున్న బల్ల మీద పరిచి, మడత పెట్టడం మొదలుపెట్టాడు. తలుపు దగ్గరున్న పిన్ని ఆ చేతుల్ని చూసి, అడుగులో అడుగు వేసుకుంటూ తెర ముందుకి వచ్చేసింది.

"ఈయనేనా?" అంది. "ఆజానుబాహుడనుకున్నానే!"

ఇది నేను తర్జుమా చెయ్యలేదు. ఆయన మడత పూర్తిచేసి, తెరలో మా వైపు చూశాడు. ఇన్నాళ్ళూ పెట్టెలు కట్టిన మనిషి ఎవరో ఆయనకి తెలియదు. ఇద్దరు ఆడవాళ్ళకీ కలిపి తల వంచాడు.

దిమ్మ మీద గాజు ఒక్కటే మిగిలింది. ఇన్నాళ్ళూ గాజుబాబు మీద నాకు లోపల మండుతూనే ఉంది గానీ, ఆ క్షణంలో ఆయన మొహం చూస్తే జాలేసింది. ఆయన చేసిన మనిషి ముడుచుకుని, ఒంటి మీద ఏమీ లేకుండా పడుకుని ఉన్నాడు. ఆయన దాన్నే చూస్తూ కూర్చుండిపోయాడు.

తెర ఆపేశాక మేడం లేచారు. "ఈసారి స్పాంజి లేకపోతే వ్యానుని నిలబెట్టు పిన్నీ, నేను చూసుకుంటా" అని, పెద్దమ్మకి నమస్కారం పెట్టి తన గదిలోకి వెళ్ళిపోయారు. ఉద్యోగం నిలబడిందని పిన్నికి అర్థం కావడానికి కాస్త టైం పట్టింది.

టాక్సీ వచ్చేదాకా కూర్చోడానికి ఇద్దరినీ ప్యాకింగ్ గదిలోకి తీసుకెళ్ళాను. పెద్దమ్మని ఉన్న ఒక్క స్టూలు మీద కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చాను. ఆవిడ తాగి, గ్లాసు నాకే ఇచ్చింది. పిన్ని ఎదురుగా నేల మీద కూర్చుని ఏడుస్తోంది.

"నా కోసం అబద్ధమాడావు అక్కా" అంది. "అంతమందిలో."

పెద్దమ్మ కిటికీ వైపు తిరిగింది. ఇక కిటికీతోనే చెబుతుందనుకున్నాను. కానీ ఆవిడ మళ్ళీ ఇటు తిరిగి, ఇన్నాళ్ళ తర్వాత మొదటిసారి చెల్లెలి మొహంలోకి చూసింది. కోపంగా లేదు. అడిగి తెలుసుకోవాలని ఉన్నట్టే అడిగింది.

"అమ్మ బట్టలేనే అవి. నీకూ అమ్మే కదా. అడిగితే ఇవ్వననుకున్నావా?"

పిన్ని అలాగే అనుకుంది మరి.